ఇరవైనాలుగు గంటలు

అక్టోబర్ 24, 2025, శుక్రవారం

తెల్లారకముందే బెంగళూరు నుంచి చెల్లెలి ఫోన్. "అన్నా, యాడుండావు?" అని ఒకటే అడగడం. హైదరాబాదులో అక్క వాళ్లింట్లో దీపావళి చేసుకుని గురువారం రాత్రి బస్సెక్కుతానని దానికి చెప్పి ఉన్నాను. బుధవారమే రైల్లో వచ్చేసిన సంగతి చెప్పలేదు. ఇంట్లోనే ఉన్నానమ్మా అన్నాక అది ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు టీవీ పెట్టాను.

కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర, మా అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు హైవే మీదే, హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే స్లీపర్ బస్సు కాలిపోయింది. ఒక మోటార్‌సైకిల్ బస్సు కింద ఇరుక్కుందట. పందొమ్మిది మంది ప్రయాణికులు పోయారు. ఏమీ కాకుండా ఉంటే ఆ బస్సు గుత్తి, గార్లదిన్నె దాటి మా బైపాస్ మీదుగా బెంగళూరుకు పోయేది. నేను ఎప్పుడూ వచ్చే వేళే అది.

ఇవాళ ఇంకేమీ రాయలేను.

అక్టోబర్ 26, ఆదివారం

బైకు నడిపిన కుర్రవాడు తాగి ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు చెప్పారు. వెనక కూర్చున్నవాడూ తాగి ఉన్నాడు. నిజానికి జరిగినవి రెండు ప్రమాదాలు. ముందు బైకు జారి డివైడర్‌కు కొట్టుకుంది. నడిపేవాడు అక్కడే ప్రాణం విడిచాడు. బైకు రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. వెనకవాడు స్నేహితుణ్ణి పక్కకు లాగి, బైకు తీద్దామనుకునేలోపల బస్సు వచ్చి దాని మీదికెక్కింది. బస్సు డ్రైవర్ అక్కణ్ణుంచి వెళ్లిపోయాడు, తర్వాత అరెస్టు చేశారు. బైకు వెనక కూర్చున్నవాడు కూడా తన దారిన వెళ్లిపోయాడు. అతణ్ణి పోలీసులు వెతికి పట్టుకున్నారు.

తాగి నడిపేవాళ్లు ఉగ్రవాదులేనని హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్ అన్నారు. పొద్దున్నుంచి అందరూ ఆ మాటే చెప్పుకుంటున్నారు. నా మనసు మాత్రం ఆ వెళ్లిపోవడం దగ్గరే ఆగిపోయింది. ఇరవై ఆరేళ్లుగా అనంతపురం కోర్టులో యాక్సిడెంట్ కేసులు చేస్తున్నాను. గుద్దినవాడు నిలబడి ఉన్న కేసులు చేతివేళ్ల మీద లెక్కపెట్టగలను.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్‌లో డ్రైవర్ ఏం చెయ్యాలో చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు. దెబ్బ తగిలినవాణ్ణి దగ్గరి ఆసుపత్రికి చేర్చాలి. పోలీసులు అడిగింది చెప్పాలి. వాళ్లు అక్కడ లేకపోతే దగ్గరి స్టేషన్‌కు పోయి, వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా ఇరవైనాలుగు గంటల్లోపల జరిగింది చెప్పుకోవాలి. జనం కొట్టేట్టుంటే దెబ్బ తిన్నవాణ్ణి వదిలి కదిలిపోవడానికి చట్టమే ఒక సందు ఇచ్చింది. స్టేషన్‌కు పోకుండా ఉండటానికి ఇవ్వలేదు. ఈ రెండోది మా డ్రైవర్లకు ఎవరూ చెప్పరు. "నిలబడితే చంపేస్తారు సార్" అంటారు. నిజమే, అక్కడ నిలబడవద్దు, స్టేషన్‌లో నిలబడు.

అక్టోబర్ 29, బుధవారం

పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి అరుగు మీద ఒకామె, పదహారేళ్ల కొడుకు, ఒక ముసలావిడ. రాప్తాడు అవతలి పల్లె. దీపావళి ముందు రోజు, ఆదివారం రాత్రి పది దాటాక, ఆమె భర్త మంద కాపలాకని హైవే దాటుతుంటే కారు గుద్ది పోయింది. నలభై రెండేళ్ల మనిషి. శనక్కాయ పీకేసిన చేలో గొర్రెల మంద ఆపడం మా వైపు ఎప్పటి నుంచో ఉన్నదే. చేనుకు ఎరువు, గొర్రెలకు రాలిన ఆకు. రోడ్డు వెడల్పయినాక ఊరు ఒక పక్క, చేను ఒక పక్క అయిపోయింది. ఎండిపోయిన ఈ నేల మీద వాన మోసం చేసిన ఏడు కూడా గొర్రె ఇల్లు నడుపుతుంది. ఆ గొర్రె కోసం రోజూ రాత్రి ఆ రోడ్డు దాటాలి.

"సార్, ఎవురు గుద్దినారో తెల్లేదు. గవుర్మెంటోళ్లు రెండు లచ్చలిస్తారంట గదా. ఆ లెక్క వస్తే చాలు సార్."

ఆమెకు ఎవరో సరిగ్గానే చెప్పారు. బండి ఏదో తెలియని కేసుల్లో చనిపోతే రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే యాభై వేలు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ రేటు. అంతకుముందు చావుకు పాతిక వేలే. తహసీల్దారుకో ఆర్డీవోకో అర్జీ పెట్టుకోవాలి, నెలలో వాళ్లు నివేదిక పంపాలి, కలెక్టర్ మంజూరు చెయ్యాలి.

పాత క్యాలెండర్ కాగితం వెనక ఆమెకు ఇంకో లెక్క వేసి చూపించాను. నెలకు పన్నెండు వేల సంపాదన అనుకుందాం. ఏడాదికి లక్షా నలభై నాలుగు వేలు. ముందు ముందు పెరిగేదానికి పాతిక శాతం కలిపితే లక్షా ఎనభై వేలు. అందులో ఆయన సొంత ఖర్చు మూడో వంతు తీసేస్తే లక్షా ఇరవై వేలు. ఆ వయసుకు పద్నాలుగు రెట్లు. పదహారు లక్షల ఎనభై వేలు. ఇది నేను కల్పించింది కాదు, 2009లో, 2017లో సుప్రీంకోర్టు కట్టిన లెక్క. దీనికి ఇంకొంత చిల్లర కలుస్తుంది.

ఆమె ఆ అంకెను చాలాసేపు చూసింది. "కారు దొరికితే ఇదా సార్? దొరక్కపోతే అదా?"

"అంతేనమ్మా."

అప్పుడు పిల్లవాడు సంచిలో నుంచి అల్యూమినియం క్యారియర్ గిన్నె తీశాడు. మూత తీస్తే లోపల పగిలిన హెడ్‌లైట్ ముక్కలు. పదకొండు. తెల్లారి రోడ్డు మీద తానే ఏరుకున్నాడట. ఒకటి అరచేయంత ఉంది. దాని వెనక పోతపోసిన నంబర్లు. అంచున విరిగిన మొన దగ్గర నల్ల కంబళి పోగు ఒకటి చిక్కుకుని ఉంది. నాన్న కప్పుకున్న కంబళి.

నేను ముట్టుకోలేదు. నంబరుకు ఫోటో మాత్రం తీసుకున్నాను. "మూత పెట్టు నాయనా. ఎవురికీ ఇయ్యొద్దు. పా, ఎస్సై దగ్గరికి పోదాం, పంచనామా రాయించి అప్పగిద్దాం" అన్నాను.

నవంబర్ 2, ఆదివారం

మెకానిక్ షెడ్డులో ఫోటో చూపిస్తే నిమిషంలో చెప్పాడు, ఏ బండి, ఏ సంవత్సరం మోడల్ అని. ఎస్సైకి ఫోన్ చేసి చెప్పాను. టోల్‌గేటు కెమెరాలో ఎడమ లైటు లేని బండి ఉంటుంది కదా సార్, ఫాస్టాగ్ ఉంటుంది కదా సార్, అని. చూస్తానన్నాడు. నిజంగా చూసేవాడిలాగే ఉన్నాడు.

నవంబర్ 5, బుధవారం, కార్తీక పౌర్ణమి

ఇంట్లో దీపాలు పెడుతున్నారు. నాకు ఒకటి రాసుకోవాలని ఉంది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

2011లో ఒక రాత్రి పదకొండు గంటలకు ఒక పార్టీ ఫోన్ చేశాడు. బండి ఎవరికో తగిలింది, మనవాడు మందు మీదున్నాడు, ఏం చెయ్యాలి అని. నిద్రమత్తులో ఉన్నానని చెప్పుకోలేను. బాగా మెలకువగానే చెప్పాను: "రెండ్రోజులు ఎవరికీ కనపడొద్దనండి. వాసన పోయాక వచ్చి సరెండర్ కానీ." దెబ్బ తగిలినవాడు ఎలా ఉన్నాడని అడగలేదు. ఆ మనిషి బతికాడు. ఒక కాలు పోయింది. తాగి నడిపాడన్న మాట ఆ కేసులో ఎక్కడా రాలేదు. ఫీజు తీసుకున్నాను.

వాసన పోవడానికి ఎంత పడుతుందో నాకు బాగా తెలుసు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్ఫై మిల్లీగ్రాములు దాటితే నేరం. మనిషి ఒళ్లు గంటకు పదిహేను నుంచి ఇరవై మిల్లీగ్రాములు కరిగిస్తుంది. రాత్రి పదింటికి నూట యాభై ఉన్నవాడు తెల్లారి ఆరింటికి ముప్ఫై దగ్గరికి దిగుతాడు. చట్టం ఇచ్చింది ఇరవైనాలుగు గంటలు, ఒంటికి కావలసింది ఎనిమిది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న పదహారు గంటల్లోనే మా వృత్తిలో ఎంతోమంది బతుకుతున్నారు. నేనూ బతికాను.

185వ సెక్షన్ కింద తాగి నడిపితే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, పదివేల జరిమానా, లేదా రెండూ. రెండోసారికి రెండేళ్ల వరకు, పదిహేను వేలు. పారిపోయినందుకు 187వ సెక్షన్ కింద ఆరు నెలలు, లేదా అయిదు వేలు. కానీ మనిషి చచ్చిపోయినప్పుడు తాగుడు రుజువైతే విషయం అక్కడ ఆగదు. అజాగ్రత్త వల్ల చావు అన్న చోటి నుంచి, చావు రావచ్చని తెలిసీ చేసిన నేరం అన్న చోటికి కేసు పోవచ్చు. అప్పుడు పదేళ్ల వరకు. కాబట్టే పరిగెత్తేది. భయంతో పరిగెత్తేవాళ్లు ఉన్నారు, కాదనను. లెక్క వేసుకుని పరిగెత్తేవాళ్లను నేను ఎక్కువ చూశాను.

2022లో దేశంలో గుద్ది పారిపోయిన బండ్ల కింద 30,486 మంది చనిపోయారు. అదే ఏడాది మొత్తం రోడ్డు చావుల్లో మద్యం, మత్తు మందుల ఖాతాలో పడింది రెండున్నర శాతం. ఈ రెండు అంకెలూ ఒకే ప్రభుత్వ నివేదికలోవి. పారిపోయినవాడికి ఊదుడు గొట్టం ఎవరు పెట్టారు?

నవంబర్ 11, మంగళవారం

బండి దొరికింది. బెంగళూరు శివారులో ఒక షెడ్డులో, కొత్త లైటు బిగించి, బానెట్‌కు రంగు వేయడానికి సిద్ధంగా ఉందట. మా జిల్లా బండే.

కోర్టు బార్ రూములో ఈ మాట చెబితే ఒక జూనియర్ కుర్రాడు ఉత్సాహంగా, "106(2) పడుతుంది సార్, పదేళ్లు" అన్నాడు. పుస్తకంలో ఉందిరా అబ్బాయ్, అమల్లో లేదు అని చెప్పాల్సి వచ్చింది. కొత్త న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో రెండు ముక్కలు. అజాగ్రత్తతో చావుకు కారణమైతే అయిదేళ్ల వరకు; ఇది పాత 304-ఏ లో రెండేళ్లే ఉండేది. చావుకు కారణమై, వెంటనే పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు. ఈ రెండోదాని మీద 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు బండ్లు ఆపేశారు. పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. ప్రభుత్వం వాళ్లతో మాట్లాడింది. ఫిబ్రవరిలో నోటిఫికేషన్ వచ్చింది: 2024 జూలై 1 నుంచి సంహిత అంతా అమలు, ఈ ఒక్క ఉపసెక్షన్ తప్ప.

లారీ డ్రైవర్ల బాధ నాకు తెలియనిది కాదు. నెల జీతం మీద బతికే మనిషి ఏడు లక్షల జరిమానా అన్న పుకారు విని వణికిపోయాడు. ఆ సెక్షన్‌లో అలాంటి అంకె లేదు. జనం కొడతారన్న భయం మాత్రం నిజం. చట్టం రాసేటప్పుడే దానికి ఒక వాక్యం పెట్టి ఉంటే సరిపోయేది. ఆ వాక్యం రాయడానికి బదులు సెక్షన్‌నే పడుకోబెట్టారు.

ఢిల్లీ సంజీవ్ నందా కేసు జూనియర్లకు ఎప్పుడూ చెబుతుంటాను. 1999 జనవరి 10 తెల్లవారుజామున లోడీ కాలనీలో బీఎండబ్ల్యూ కింద ఆరుగురు పోయారు, అందులో ముగ్గురు పోలీసులు. కారును గోల్ఫ్ లింక్స్‌లో ఒక ఇంటికి తీసుకుపోయి కడుగుతున్నారు. దారి పొడుగునా నూనె కారింది. ఆ చారలు పట్టుకుని పోలీసులు గేటు దాకా పోయారు. ఆరోజే దొరికాడు కాబట్టి రక్తం తీశారు, రక్తంలో మద్యం దొరికింది. పదమూడేళ్లు దాటాక, 2012 ఆగస్టులో సుప్రీంకోర్టు అది ఉత్త అజాగ్రత్త కాదు, తెలిసి చేసిన నేరమేనంది. అలా అంటూనే, అంతకుముందు అనుభవించిన జైలే చాలు, యాభై లక్షలు కట్టు, రెండేళ్లు సమాజ సేవ చెయ్యి అంది. ఆ డబ్బు గుద్దినవాడెవడో తెలియని బాధితులకు వాడమంది. శిక్ష నాకు ఎప్పటికీ మింగుడుపడదు. ఆ నూనె చార ఒక్కటి మాత్రం గుర్తుంచుకోమంటాను.

మా కేసులో నూనె చార ఆ క్యారియర్ గిన్నె.

నవంబర్ 15, శనివారం

అనుకున్నంతా అయింది. స్టేషన్‌కు ఒకడు వచ్చి బండి నడిపింది నేనే అన్నాడు. ఓనర్ దగ్గర ట్రాక్టర్ తోలే మనిషి. లైసెన్సు ఉంది, మందు అలవాటు లేదు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇరవై ఏడు రోజుల తర్వాత ఊదితే ఏముంటుంది?

హైదరాబాదులో 2023 డిసెంబరులో ప్రజాభవన్ ముందు బారికేడ్లను కారు గుద్దినప్పుడు కూడా ఇంకో మనిషిని డ్రైవర్‌గా నిలబెట్టారన్నది పోలీసులు పెట్టిన కేసు. ఆ రాత్రి నడిపాడని వాళ్లు చెప్పిన కుర్రాడు దుబాయి వెళ్లిపోయాడు, నెలల తర్వాత తిరిగొచ్చినప్పుడు అరెస్టు చేశారు. కాబట్టి ఇది మా జిల్లా జబ్బు మాత్రమే కాదు.

సాయంత్రం ఓనర్ తరఫున ఒక పెద్దమనిషి నా ఆఫీసుకు వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "మూడు లక్షలు ఇప్పిస్తాం సార్, గవర్నమెంటు కన్నా లక్ష ఎక్కువ. ఆడమనిషిని కోర్టుల చుట్టూ తిప్పడం ఎందుకు?" తర్వాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. "తాగినాడని మీరు నిరూపిస్తే నష్టం మీ పార్టీకే. ఇన్సూరెన్సోళ్లు తప్పుకుంటారు."

ఇది ఉత్త బెదిరింపు కాదు. 2019 సవరణ తర్వాత, డ్రైవర్ తాగి ఉన్నాడని ఇన్సూరెన్స్ కంపెనీ వాదించుకునే వీలుంది. మామూలుగా ట్రిబ్యునళ్లు ముందు మీరు కట్టండి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోండి అంటాయి. కానీ కంపెనీ అప్పీలుకు పోతే ఏళ్లు. ఆ ముసలావిడకు ఎన్నేళ్లున్నాయి?

నవంబర్ 18, మంగళవారం

ఆమెను పిలిపించి ఉన్నదున్నట్టు చెప్పాను. తాగుడు మాట ఎత్తకపోతే లెక్క తొందరగా రావచ్చు. ఎత్తితే ఆలస్యం కావచ్చు. మూడు లక్షల మాట కూడా దాచలేదు. అలాంటివి దాచే వకీళ్లున్నారు.

దానికి ముందు ఆమెకు ఇంకొకటి చెప్పాలి, చెప్పాను. ఆ రాత్రి 108కి ఫోన్ చేసిన మనిషి దొరికాడు. కక్కలపల్లి మార్కెట్‌కు టమాటా తోలే పికప్ డ్రైవర్. పేరు చెబితే కేసులో ఇరుక్కుంటానని ఇన్నాళ్లూ భయపడ్డాడు. 134-ఏ సెక్షన్ ఉంది, సాయం చేసినవాణ్ణి కేసులోకి లాగకూడదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు అని చెప్పాక కాస్త ధైర్యం వచ్చింది. తానై సాక్ష్యం చెబుతానన్నాడు. అతను చూసింది ఇది: తెల్ల కారు యాభై గజాలు పోయి ఆగింది. ఒకడు దిగి, తూలుకుంటూ వెనక్కి వచ్చి, వంగి చూశాడు. "బతికే ఉండాడు రా" అని కారులో ఉన్నవాళ్లకు కేకేశాడు. మళ్లీ పోయి డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాడు. కారు పోయింది.

బతికే ఉన్నాడు. ఆసుపత్రిలో రాత్రి రెండున్నర దాకా ఉన్నాడు. గుద్దిన చోటి నుంచి అనంతపురం సర్వజన ఆసుపత్రి ఆ కారులో అయితే ఇరవై నిమిషాలు. అంబులెన్సు వచ్చి ఎక్కించుకునేసరికి గంట దాటింది.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్లవాడు గోడ వైపు తిరిగాడు. చాలాసేపటికి ఆమె అంది: "తాగినాడని రాయండి సార్. లెక్క ఎప్పుడొచ్చినా రానీ. తాగకుండా ఉంటే నా మొగుడు కనపడి ఉండు. ఆ మాట రాయకుంటే, నా మొగుడే అడ్డమొచ్చినాడంటారు."

ఇరవై ఆరేళ్ల వృత్తిలో 185వ సెక్షన్ ఎందుకుందో ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

నవంబర్ 27, గురువారం

హైవే పక్కన వాళ్లు ఆగిన డాబా దొరికింది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌తో కట్టిన బిల్లు ఉంది, ట్రాక్టర్ మనిషి ఫోన్ కాదు అది. హైవేకు అయిదు వందల మీటర్ల లోపల మద్యం షాపు ఉండకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ తర్వాత కొన్ని సడలింపులు ఇచ్చింది. షాపు దూరంగానే ఉంది, సీసా నడిచి వచ్చింది. టోల్‌గేటు బొమ్మలో స్టీరింగ్ దగ్గర ఉన్న మొహం ట్రాక్టర్ మనిషిది కాదు, ఇంకో కుర్రవాడిది. ఎస్సై నిలబడ్డాడు. సాక్ష్యం మాయం చేసినందుకు 238వ సెక్షన్ కలిపాడు. ట్రాక్టర్ మనిషి భార్య స్టేషన్ బయట నా కాళ్లు పట్టుకోబోయింది. నిజం చెప్పమనమ్మా, ఆయన ఇంకొకడి జైలుకు పోనక్కర్లేదు అన్నాను. చెప్పాడు.

ట్రిబ్యునల్‌లో పరిహారం కోసం పిటిషన్ (ఓ.పి.) దాఖలు చేశాను. కుర్రవాడు, ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ ప్రతివాదులు. తాగి నడిపాడన్న మాట నాలుగో పేరాలో నా చేత్తో రాశాను, పికప్ డ్రైవర్ సాక్ష్యంతో, డాబా బిల్లుతో.

క్రిమినల్ కేసులో కుర్రవాడి మీద ఇప్పుడున్న సెక్షన్లు: న్యాయ సంహిత 106(1), 238, మోటారు వాహనాల చట్టం 134, 187. రక్తం తీయలేదు కాబట్టి 185 లేదు. ఇక రాదు.